మిల్లు రోడ్డు మీద చుక్క

ఆ ఉదయం చీటీకి కాలు ఒకచోట నిలవలేదు. పాములు పట్టేవాళ్ళ కోసం తాను కట్టిన వెబ్ అప్లికేషన్ మొదలై అది మూడో రోజు. మొదటి రెండు రోజుల్లో రెండు పిలుపులు వచ్చాయి, రెండూ చిటికెలో తేలిపోయాయి. ఒకటి స్నానాలగదిలో దూరిన నీరుకట్టె పాము. రెండోది బీరువా కింద పడివున్న పాత బెల్టు. బెల్టయితేనేం, వెళ్ళిన మనిషి ఒక్కరినీ దారి అడక్కుండా ఆ ఇంటి గుమ్మం ముందే బండి ఆపాడు. ఆ సంగతి చీటీ ఇప్పటికి కనీసం పదిమందికి చెప్పింది, వాళ్ళలో నలుగురికి రెండేసిసార్లు.

చీటీ అన్నది అసలు పేరేం కాదు. ఉప్పు డబ్బాకు ఉప్పని, పంచదార డబ్బాకు పంచదారని, ఖాళీ డబ్బాకు ఖాళీ అని కాగితం ముక్క అంటించే మనిషిని ఇంట్లోవాళ్ళు ఇంకేమని పిలుస్తారు? కుదురుగా లేని వస్తువు కనిపిస్తే ఆమెకు చేతులు దురద పెడతాయి. "ఏదో ఒకరోజు నా నుదుటి మీదా అంటిస్తుంది" అని వాళ్ళాయన చుట్టాలందరి దగ్గరా వాపోతుంటాడు.

పాములు పట్టేది ఆమె మేనమామ. తాళాల షాపు ఆయన బతుకుతెరువు, పాములు ఆయన పిచ్చి. పద్దెనిమిదేళ్ళుగా ఇళ్ళలో దూరిన పాముల్ని పట్టి ఊరి బయట వదిలి వస్తున్నాడు. ఆయన వెనకాల ఇప్పుడు మరో ఐదుగురు చేరారు. పాము చావకూడదు, కర్ర విరగకూడదు అన్నది లోకానికి సామెత, మామయ్యకు మాత్రం అక్షరాలా పని నియమం.

షాపు వెనకగదే వాళ్ళ ఆఫీసు. గోడ నిండా మేకులకు వేలాడే, ఇంకా పళ్ళు కోయని తాళంచెవులు. మూలన పొడవాటి ఇనుప కొక్కేలు, మందపాటి గుడ్డసంచులు, మూతలకు చిల్లులు పెట్టిన ప్లాస్టిక్ డబ్బాలు. ఆ డబ్బాల మీద ఎవరి చేతిరాత ఉందో వేరే చెప్పాలా?

మొన్నమొన్నటిదాకా పిలుపులన్నీ ఫోన్లోనే వచ్చేవి. ముందుగదిలో తాళంచెవులు కోసే మిషను రొదలో సగం వినబడేవి కావు. వినబడినవాటిని మామయ్య ఒక లావుపాటి నోటుపుస్తకంలో రాసుకునేవాడు. చీటీ ఆ పుస్తకం తెరిచిన రోజు ఆమె మొహం చూడాల్సిందే. "గేటు మీద పిల్లి బొమ్మ. గంట మోగదు, తలుపు బాదాలి. కుక్క అరుస్తుంది గానీ కరవదు." ఒక పేజీలో చిరునామా మొత్తం అంతే.

"మామయ్యా, ఇది చిరునామానా, వాళ్ళ సంసారం కథా?"

"ఇల్లు దొరికిందా లేదా, అది అడుగు."

"దొరక్కేం. నీకు దొరుకుతుంది. మిగతా ఐదుగురికో?"

అందుకే మేనకోడలు వెబ్ పేజీ కడతానంటే సరేనన్నాడు. ఆమె రెండు నెలలు కూర్చుని కట్టింది. పామును చూసినవాళ్ళు పేజీ తెరిచి తమ చిరునామా, ఫోను నంబరు, పాము ఉన్న చోటు రాసి పంపుతారు. చీటీ రాసిన ప్రోగ్రాము ఆ చిరునామాను ఒక మ్యాప్ సర్వీసుకు పంపుతుంది. ఆ సర్వీసు దాన్ని చదివి, మ్యాప్ మీద ఫలానా చోటని ఒక చుక్క పెట్టి ఇస్తుంది. జియోకోడింగ్ అని పెద్ద పేరున్న పని అంతా ఇదే. చుక్కకు దగ్గర్లో ఉన్న మనిషి ఫోను మోగుతుంది, అతను చుక్క వెంట వెళ్ళిపోతాడు.

మ్యాప్ సర్వీసు చుక్కతోపాటు చిరునామాను కూడా కడిగి, తుడిచి, ఇస్త్రీ చేసి ఇస్తుంది. చీటీకి అది తెగ నచ్చింది. జనం రాసే చిరునామాల్లో సగం సొల్లేనని ఆమె గట్టి అభిప్రాయం. అందుకని జనం రాసింది తీసేసి, సర్వీసు ఇచ్చిన నున్నటి చిరునామానే డేటాబేసులో దాచేట్టు చేసింది. పట్టికలో వరసలన్నీ చూడముచ్చటగా ఉండేవి. ఆమె వాటిని పనున్నా లేకపోయినా తెరిచి చూసుకునేది.

పదీ ఇరవైకి కంప్యూటర్లో గంట మోగింది. మూడో పిలుపు. చీటీ ఒక్క గెంతులో కుర్చీలో పడింది.

పాము ఎక్కడ ఉంది అన్న చోట ఇలా ఉంది: "తాచు. గదిలో తలుపుకీ నాకూ మధ్య ఉంది. ఆరు నెలల పాపను ఎత్తుకుని బల్ల మీద నిలబడ్డాను. బల్ల మీది కంప్యూటరు నుంచే రాస్తున్నాను. పాప నిద్రపోతోంది." ఇంకేమైనా చెప్పాలా అన్న చోట: "నా ఫోను మంచం కింద పడిపోయింది. పాము దాని పక్కనే ఉంది. దయచేసి ఫోన్ చేయకండి."

చిరునామా గడిలో చక్కగా, నున్నగా "మిల్లు రోడ్డు, తూర్పు పేట" అని ఉంది. మ్యాప్ మీద ఎర్ర చుక్క వెలుగుతోంది. దానికి అందరికంటే దగ్గర్లో ఉన్నది మామయ్యే. ఎవరింటికో తాళం బిగించడానికి వెళ్ళినవాడు ఆ పని వదిలేసి అప్పటికే బండెక్కేశాడు.

"చూశాను. ఏడు నిమిషాలు" అన్నాడు ఫోన్లో. చెవిలో ఏదో పెట్టుకున్నాడు, గాలి హోరు వినబడుతోంది.

"పసిపాప ఉంది మామయ్యా."

"చదివానమ్మాయ్. నువ్వు లైన్లోనే ఉండు."

తెర మీద మామయ్య నీలం చుక్కగా కదులుతున్నాడు. సందు తిరిగాడు, వంతెన దాటాడు, మిల్లు రోడ్డు ఎక్కాడు. నీలం చుక్క ఎర్ర చుక్కను తరుముతుంటే చీటీ కుర్చీ అంచున కూర్చుని, బండి తానే నడుపుతున్నట్టు ముందుకు వంగింది. భయం ఉంది, దాన్ని మించిన హుషారూ ఉంది. దీనికోసమే కదా రెండు నెలలు కళ్ళు కాయలు కాయించుకుంది. ఆరు నిమిషాలకే నీలం ఎర్రదాన్ని తాకింది. మనిషి ఫోను చుక్కకు యాభై మీటర్ల లోపలికి వస్తే చాలు, పిలిచినవాళ్ళ పేజీలో ఒక వాక్యం దానంతటదే మారుతుంది. "మనిషి మీ ఇంటికి చేరాడు." ఆ వాక్యం చీటీకి అన్నిటికంటే ఇష్టమైన ముక్క. ఇప్పుడు ఆ తల్లి దాన్ని చదివి ఊపిరి పీల్చుకుంటూ ఉంటుందని తలుచుకుంది.

"ఏ ఇల్లమ్మాయ్?" అన్నాడు మామయ్య.

"అదే, నీ ఎదురుగా ఉండాలి."

"నా ఎదురుగా టైర్ల కొట్టు ఉంది. వెనకాల ప్రహరీ. ఇళ్ళేం లేవిక్కడ. నంబరెంత?"

చీటీ వరసలోకి చూసింది. మిల్లు రోడ్డు, తూర్పు పేట. నంబరు లేదు. వరసను అటూ ఇటూ జరిపింది, కింద ఏదైనా దాక్కుందేమోనని. లేదు.

మ్యాప్ సర్వీసు ప్రతి చుక్కతోపాటు ఒక చిన్న గుర్తు పంపుతుంది. ఇల్లే దొరికిందా, లేక అంచనాగా పెట్టిందా అని. ఆ గుర్తును చీటీ ప్రోగ్రాము పుచ్చుకుంటుంది, పక్కన పెడుతుంది, ఈనాటిదాకా ఒక్కసారి చదివిన పాపాన పోలేదు. ఆమె ఇప్పుడు తెరిచి చదివింది. "అంచనా. రోడ్డు మధ్యభాగం." ఆవిడ రాసిన ఇల్లు సర్వీసుకు దొరకలేదు, రోడ్డు ఒక్కటి దొరికింది. నాలుగు కిలోమీటర్ల రోడ్డుకు సరిగ్గా నట్టనడుమ చుక్క పెట్టి చేతులు దులుపుకుంది. ఎద్దు ఈనిందంటే దూడను కట్టెయ్యమన్నట్టు, చీటీ ప్రోగ్రాము ఆ చుక్కను కళ్ళకద్దుకుని, ఆవిడ స్వహస్తాలతో రాసిన చిరునామాను చెరిపేసి కూర్చుంది.

"ఏమైంది? మాట్లాడవేం?"

"మామయ్యా, అది ఇల్లు కాదు. రోడ్డు మధ్య. ఆవిడ రాసింది నా దగ్గర లేదు."

"ఏమైంది ఆవిడ రాసింది?"

"నేనే తీసేశాను."

మామయ్య తిట్టలేదు. తిడితే బాగుండునని చీటీకి అనిపించింది. "సరే, ఫోన్ చేయకూడదు" అన్నాడాయన తనలో తాను అనుకుంటున్నట్టు. "రెండు వైపులా రెండేసి కిలోమీటర్లు. నేను తూర్పుగా పోతూ అడుగుతాను. నువ్వు వెతుకు. ఎక్కడో ఒకచోట ఉంటుంది చూడు."

ఎక్కడుంటుంది? తీసేయడంలో తనంత గట్టిమనిషి లేదు. నకలు ఉంచలేదు, పాతది ఉంచలేదు, పనికిమాలిన కాగితం ఇంట్లో ఉంచనట్టే ఇక్కడా ఉంచలేదు. బల్ల మీద ఆ తల్లి ఎంతసేపు నిలబడగలదు? ఆరు నెలల పాప బరువు ఎంత? చేతులు పీకవూ? పాప లేచి ఏడిస్తే?

అప్పుడే తెర పైమూలన ఒక అంకె మారింది. మూడు రోజులుగా సున్నా దగ్గరే ఉన్న అంకె అది. ఒకటయింది. చూస్తుండగానే రెండయింది.

అది "తిరస్కరించినవి" అన్న లెక్క. ఒకే ఫోను నంబరుతో గంటలోపు రెండోసారి ఎవరైనా పంపితే ప్రోగ్రాము తీసుకోదు, మీ పిలుపు ఇప్పటికే అందిందని చెప్పి వెనక్కి పంపేస్తుంది. కంగారులో జనం పదిసార్లు నొక్కితే పదిమంది పరుగెత్తకూడదని పెట్టిన నియమం. ఎవరు పంపారు, మళ్ళీ ఎవరు పంపుతున్నారు? ఆవిడే. వచ్చాడన్న మనిషి రాకపోయేసరికి మళ్ళీ రాస్తోంది. చీటీ ప్రోగ్రాము ఆమె మొహాన తలుపు వేస్తోంది.

కానీ తిరస్కరించినవి ఎక్కడికి పోతాయి? చీటీ నిటారుగా కూర్చుంది. వాటిని మ్యాప్ సర్వీసుకు పంపే పనిలేదు. కడగదు, తుడవదు. వచ్చింది వచ్చినట్టు ఒక ఫైల్లోకి విసిరేస్తుంది. ఆ ఫైలుకు ఆమే "చెత్త" అని పేరు పెట్టింది. ఎప్పుడో తీరిక దొరికినప్పుడు ఖాళీ చేద్దామనుకుంది.

రెండుసార్లు తప్పు కొట్టి, మూడోసారి ఆ ఫైలు తెరిచింది. మొదటిది కళ్ళముందు పరుచుకుంది.

"మిల్లు రోడ్డు 118, కానీ రోడ్డు మీద కనిపించదు. అద్దాల ఫ్యాక్టరీ గోడ పక్క సందులోంచి రావాలి. ఇనుప మెట్లు, పై గది. కిటికీ అవతల ఫ్యాక్టరీ గోడే, అరిచినా ఎవరికీ వినబడదు. ఎవరూ రాలేదు, త్వరగా రండి."

చీటీ పరీక్ష ఫలితాల్లో తన నంబరును కూడా అంత ఆత్రంగా చదివి ఉండదు.

"మామయ్యా, దొరికింది. అద్దాల ఫ్యాక్టరీ గోడ పక్క సందు. ఇనుప మెట్లు, పై గది. ఫ్యాక్టరీ మ్యాప్‌లో కనిపించడం లేదు."

"ఎలా కనిపిస్తుంది, మూతపడి పన్నెండేళ్ళయింది." బండి గిర్రున వెనక్కి తిరిగిన చప్పుడు వినబడింది. "పడమటి కొస అది. మూడు నిమిషాలు."

నీలం చుక్క ఎర్ర చుక్కను దాటుకుని ఎదురు దిక్కుకు దూసుకుపోయింది. చీటీ కుర్చీలోంచి లేచి నిలబడింది, మళ్ళీ కూర్చుంది. సంతోషంతో ఏడుపు వచ్చేట్టుంది. ఆ ఊపులోనే చెత్త ఫైల్లో రెండో ముక్క మీదికి చూపు పోయింది.

"మీ మనిషి చేరాడని పేజీ చెప్తోంది. తలుపు చప్పుడు వినబడలేదు. కింద మెట్ల దగ్గర నిలబడి ఉన్నాడేమో. పాము ఇప్పుడు మంచం కిందకి పోయింది, కనిపించడం లేదు. నేనే దిగి వెళ్ళి తలుపు తీస్తాను."

ఎక్కిన ఉత్సాహమంతా ఒక్కసారిగా జారిపోయింది. పాము పోలేదు, కనిపించడం లేదంతే. ఆ తల్లి పాపతో కిందకి దిగబోతోంది. ఎందుకు దిగుతోంది? మనిషి చేరాడని పేజీ చెప్పింది కాబట్టి. ఇంకా అదే చెప్తోంది. నాలుగైదు నిమిషాలుగా, ఎవరూ లేని గుమ్మం గురించి, నిబ్బరంగా అదే మాట చెప్తోంది.

ఫోన్ చేయకూడదు. మాట పంపే దారి పేజీలో లేదు, కట్టాలని తోచలేదు. కానీ ఆ వాక్యం ఉంది. "మనిషి మీ ఇంటికి చేరాడు" అన్నది డేటాబేసులో ఒక గడి, అంతే. ఆ గడిలో ఏముంటే ఆవిడ తెర మీద అదే కనిపిస్తుంది. ఆలస్యం అమృతం విషం అంటారు, ఇక్కడ అమృతం ఊసే లేదు. చీటీ గడిని తెరిచి, ఉన్నది చెరిపి, తోచింది తోచినట్టు కొట్టింది.

"దిగకండి. మనిషి ఇంకా రాలేదు. మాదే తప్పు. ఇప్పుడు మీ ఇల్లు తెలిసింది. రెండు నిమిషాల్లో వస్తాడు. దిగకండి."

దాచు అన్న మీట నొక్కింది. ఆవిడ పేజీ ప్రతి ముప్పై సెకన్లకు ఒకసారి తనను తాను తాజా చేసుకుంటుంది. ముప్పై సెకన్లు చాలా తక్కువని రెండు నెలల కిందట ఆమె అనుకుంది. ఇప్పుడు గడియారం ముల్లును వేలితో తోయాలనిపించింది. ఇరవై అయింది. ముప్పై అయింది. తిరస్కరించినవాటి అంకె రెండు దగ్గరే ఉంది. మూడు కాలేదు. చదివి ఆగిందా? చదవకముందే దిగిపోయిందా? తెలిసే మార్గం లేదు.

"సందులోకి వచ్చేశాను" అన్నాడు మామయ్య. బండి స్టాండు వేసిన చప్పుడు. సంచి దులిపిన చప్పుడు. "ఇనుప మెట్లు కనిపించాయి. ఫోను జేబులో పెడుతున్నా, నువ్వు నోరెత్తకు."

చీటీ చేత్తో నోరు మూసుకుంది. ఇనుప మెట్ల మీద మెత్తటి అడుగులు. ఎనిమిది, తొమ్మిది, పది. పద్నాలుగు దగ్గర ఆగాయి. తాళంలో ఏదో సన్నగా తిరిగింది, తలుపు మెల్లగా కిర్రుమంది. ముందుగదిలో తాళంచెవుల మిషను ఊరికే ఉండబట్టి సరిపోయింది, లేకపోతే ఆమె దాన్ని పగలగొట్టేదే.

"అమ్మా, భయపడకండి. అక్కడే నిలబడండి" అన్నాడు మామయ్య. అన్నేళ్ళలో ఆయన అంత మెత్తగా మాట్లాడటం చీటీ వినలేదు. "పాపను కదపొద్దు. నేను చూసుకుంటాను."

నిలబడండి అన్నాడు. అంటే నిలబడే ఉంది. దిగలేదు. చీటీ కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

ఆ తర్వాత మంచం జరిపిన చప్పుడు. కొక్కెం నేలకు రాసుకున్న చప్పుడు. ఒక్కసారి బుస్సుమన్న చప్పుడు, ఫోన్లో విన్నా చీటీ కాళ్ళు కుర్చీ మీదికి లాక్కుంది. "రా తల్లీ, ఇటు రా, నీకూ భయమే, నాకు తెలుసు" అని మామయ్య గొణుగుతున్నాడు, పాముతోనే. చివరికి గుడ్డసంచి మూతి బిగించిన జర్రుమనే శబ్దం వచ్చింది. ఆయన గట్టిగా ఊపిరి వదిలాడు.

"అయిపోయిందమ్మాయ్. బారెడుంది."

చీటీ కుర్చీలోంచి లేచి, ఖాళీ గదిలో రెండు గెంతులు గెంతింది. గోడనున్న తాళంచెవులన్నీ గలగలలాడాయి. నవ్వూ ఏడుపూ రెండూ ఒకేసారి తన్నుకొచ్చాయి, దేన్నీ ఆపుకోలేదు.

"ఆవిడ నీతో మాట్లాడతానంటోంది" అన్నాడు మామయ్య. ఫోను చేయి మారింది.

"ఆ పేజీ మీదేనట కదండీ" అంది అవతలి గొంతు. అలసిపోయిన గొంతు, ఇంకా సన్నగా వణుకుతోంది. "ఒక కాలు కుర్చీ మీద పెట్టేశాను. రెండో కాలు దించబోతూ ఎందుకో తెరవైపు చూశాను. అక్షరాలు మారాయి. కాలు వెనక్కి తీసుకున్నాను. నిమిషానికల్లా పాము ఆ కుర్చీ కిందనుంచే బయటికొచ్చి, మళ్ళీ మంచం కిందకి పోయింది."

చీటీ ఫోనును చెవికి ఇంకా దగ్గరగా నొక్కుకుంది.

"అందుకే అడుగుతున్నాను. దిగకండి అని రాసింది మెషీనా, మనిషా?"

"మనిషేనండీ. నేనే రాశాను."

"అనుకున్నాను. మాదే తప్పు అని మెషీన్లు రాయవు." అంది ఆవిడ. "మరి, అంతకుముందు చేరాడని రాసిందో?"

చీటీ తెర వైపు చూసింది. రోడ్డు మధ్యన ఎర్ర చుక్క ఇంకా వెలుగుతూనే ఉంది.

"అదీ నేనే రాశానండీ" అంది.

అవతల పాప లేచినట్టుంది, ఏడుపు వినబడింది. తల్లి జోకొడుతూనే మాట్లాడింది.

"రెండోది ఉంచండి. మొదటిది తీసేయండి."

చీటీ అప్పటికే ప్రోగ్రాములోంచి ఆ వాక్యాన్ని తీసేస్తోంది.